ప్రశ్న లేని ఆయ్

‘ఒకే చెట్టు’ సీరియల్ – పద్నాలుగో భాగం

పోయిన వారం, భవానీదేవి ఇచ్చిన జాకెట్టు గుడ్డల్ని జయమ్మ కుట్టకుండానే మడతపెట్టి, సంచిలో సర్ది, తిప్పి పంపించేసిన దగ్గర ఆగాం. గుమ్మంలో ఉన్న ఆ సంచిని భవానీదేవి ముట్టుకోలేదు. ముట్టుకుంటే నిజమైపోతుందన్నట్టు పక్కనుంచి తప్పుకుంటూ రోజంతా లోపలికీ బయటికీ తిరిగింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా లేచి వెళ్ళి టీ పెట్టుకు రావచ్చు.

రాజోలు దాటి గోదావరి వైపు వెళితే సంపెంగలంక. ఊరి మధ్యలో పంటకాలువ. ఇవతల రామాలయం వీధి, అవతల చర్చిపేట. ఇవతలి గట్టు మీద భవానీదేవి వాళ్ళ కొబ్బరి దొడ్డి, ఆ దొడ్డి చివర కాలువ మీదికి వాలి ఒక చెట్టు. ఊళ్ళో దాన్ని మించిన ఎత్తయిన చెట్టు లేదు. అందుకని డిసెంబరు వచ్చిందంటే దాని తలకి కప్పీ కట్టి, తాడుతో చర్చివాళ్ళ స్టారు పైకి లాగుతారు. అందుకనే దాని నడుముకి గుడివాళ్ళ మైకు హారను కట్టి ఉంటుంది. పైన స్టారు, కింద హారను. ఇన్నేళ్ళలో చెట్టుకీ అభ్యంతరం లేకపోయింది, ఊరికీ లేకపోయింది.

ఈ ఏడాది మాత్రం ఎక్కడో ఎవరో ఎవరినో ఏదో అన్నారని ఫోన్లలో వీడియోలు రావడం మొదలయ్యాయి. చూసినవాళ్ళు చూసి ఊరుకోక పక్కవాళ్ళకి పంపారు. రామాలయం కమిటీ ప్రెసిడెంటు కాశీవిశ్వనాథం గారు, ఇకమీదట అవతలి పేటవాళ్ళని గుడి పనులకి పిలవకూడదని మైకులో ప్రకటించారు. ప్రకటించిన మర్నాడే ఆ మైకు పాడైపోయింది. ఊరికి ఉన్నది ఒకే ఒక్క ఎలక్ట్రీషియను. అతను చర్చిపేట ఏసుదాసు, మన జయమ్మ భర్త. చేసిన ప్రకటన మింగలేక, అతన్ని పిలవలేక గుడివాళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నారు.

అలా ఉండగా ఒక ఉదయం స్టారు చిరిగిపోయి కాలువలో తేలింది. గుడివాళ్ళే చింపేరని చర్చిపేట అంది. మా మీద నెట్టడానికి ఆళ్ళే చింపుకున్నారని, మైకులో కూడా చెప్పి మరీ, రామాలయం వీధి అంది. ఆ రోజు నుంచి కాలువ మీది వంతెన దాటేవాళ్ళు తగ్గిపోయారు.

ఇక మన ఇద్దరు ఆడవాళ్ళు. భవానీదేవి, జయమ్మ ఎలిమెంటరీ స్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్నారు. కొబ్బరాకుతో బొమ్మలు అల్లి వాటికి పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు జయమ్మది, పెళ్ళికూతురు భవానిది. పెళ్ళి గుడిలోనా, చర్చిలోనా అని కాసేపు జుట్లు పట్టుకుని, చివరికి పొద్దున్న తాళి, సాయంత్రం ఉంగరం అని రాజీపడ్డారు. ఆ లెక్కన వియ్యపురాళ్ళయ్యారు కాబట్టి అప్పట్నుంచి ఒకళ్ళనొకళ్ళు ‘వదినా’ అనే పిలుచుకుంటున్నారు. బొమ్మలు ఎప్పుడో ఎండి పొయ్యిలోకి వెళ్ళిపోయాయి, వరస మాత్రం నిలిచింది.

ఆ వరసకే ఇప్పుడు ముప్పు వచ్చింది. కాశీవిశ్వనాథం గారు భవానీదేవికి దూరపు వరసలో మావయ్య. ఆయనకి ప్రతి ఫోనూ రికార్డు చేసుకునే అలవాటు. ఆవిడకి ఫోను చేసి, చెట్టుకి స్టారు కట్టనివ్వద్దనీ, క్రిస్మస్ పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వచ్చే కేరల్స్ వాళ్ళని వీధిలోకి రానివ్వద్దనీ, జయమ్మతో రాకపోకలు తగ్గించుకోమనీ చెప్పారు. ఒక్కొక్క మాటకీ ఆవిడ “ఆయ్” అంది. అందులోంచి కావలసినంత కత్తిరించి, ‘చెట్టు సొంతదారు అంగీకారం’ అని పేరు పెట్టి వాట్సాప్ గ్రూపులో వదిలారు. అది కాలువ దాటడానికి వంతెన కూడా అక్కర్లేకపోయింది. జయమ్మ కుట్టుమిషను మీద ఫోను పెట్టుకుని పదేపదే విన్నది. ఆ తరువాత భవానీదేవి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు.

టీ తాగి వచ్చినవాళ్ళు ఇక సర్దుకుని కూర్చోండి. మీటింగు మొదలవుతోంది.

*

శాంతి కమిటీ మీటింగు పంచాయతీ హాల్లో పెట్టారు. మధ్యలో దారి వదిలి ఇటు గుడివాళ్ళు, అటు చర్చివాళ్ళు కూర్చున్నారు. కుర్చీలు చర్చివి, వెనకాల శిలువ గుర్తు వేసి ఉన్నాయి. నేల మీద పరిచిన జంపఖానా రామాలయానిది. దాత పేరుతో సహా రాసి ఉంది. గొడవ తీర్చుకోవడానికి కూడా రెండు వైపుల సామానూ కావలసి వచ్చిందన్న సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

ఎస్సై రేవతి గారు జమ్మలమడుగు వైపు మనిషి. కోనసీమకి కొత్తగా వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళ మర్యాద ఆవిడకి పెద్ద బరువైపోయింది. కాఫీ వద్దంటే ఏడుపు మొహాలు పెడతారు, ఏమడిగినా తల ఊపుతారు, ఊపింది దేనికో మాత్రం చెప్పరు.

“రేపు సాయంత్రం కేరల్స్ బయల్దేరాలంట. స్టారు కట్టాలంట. చెట్టు ఎవరిదో వాళ్ళ మాటే ఆఖరు. వాళ్ళు వద్దంటే వద్దు, రెండో మాట లేదు. ఎవరమ్మా సొంతదారు?”

ముందు వరసలోంచి భవానీదేవి లేచి నిలబడింది. “మాదేనండి.”

“స్టారు కట్టనివ్వనని మీరు చెప్పినారా?”

“లేదండి.”

“ఈ ఆడియోలో గొంతు మీదేనా?”

“ఆయ్.”

“కట్టనివ్వకూడదంటే ఒప్పుకున్నారు గదా అందులో?”

“లేదండి. ఆయ్ అన్నానండి.”

“ఆయ్ అంటే ఒప్పుకున్నట్టే గదమ్మా?”

“ఆయ్,” అంది భవానీదేవి. వెంటనే నాలిక కరుచుకుంది. “అంటే, కాదండి.”

చర్చివైపు ఎవరో కిసుక్కుమన్నారు. గుడివైపు ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఈ రెండు వైపులూ కలిసి ఒక పని చేయడం చాలా రోజుల తరువాత అదే.

“మావయ్యగారు పెద్దాయనండి. ఆయన మాట్లాడుతున్నప్పుడు మనం ఊరుకుంటే లైను కట్టయిపోయిందేమోనని మళ్ళీ మొదట్నుంచీ చెప్తారండి. అందుకని మధ్యమధ్యలో ఆయ్ అంటానండి. వింటున్నానని.”

ఎస్సై గారు కలం కింద పెట్టారు. తలుపు దగ్గర పడవ నూకయ్య తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రేవుకి అటూ ఇటూ రెండు వైపులవాళ్ళనీ దాటించే మనిషి కాబట్టి అతనైతే పక్షపాతం లేకుండా చెబుతాడని ఆవిడకి తోచింది.

“పెద్దాయనా, నువ్వు చెప్పు. ఆయ్ అంటే అవుననేనా?”

“ఆయ్.”

“అంటే ఊరికే వింటున్నానని కాదా?”

“ఆయ్, అదీనండి.”

“రెండిట్లో ఏది?”

“ఆయ్. తవరు ఎలాగంటే అలాగేనండి.”

ఎస్సై గారు నుదురు రుద్దుకున్నారు. “మా తట్టు అవునంటే అవును, కాదంటే కాదు. దీన్ని పట్టుకుని నేను పైవాళ్ళకి ఏమని రాయల్ల?”

కాశీవిశ్వనాథం గారు కుర్చీలో సర్దుకున్నారు. తెల్లటి పంచె, మెడలో కండువా, చేతిలో రెండు ఫోన్లు. చెడ్డమనిషి కాదు. ఊళ్ళో ఏ పెళ్ళయినా ముందు రోజే వెళ్ళి పందిరి దగ్గర నిలబడతారు. ప్రెసిడెంటు అయ్యాక మాత్రం, రోజుకి ఒక్క ప్రకటనైనా చెయ్యకపోతే ఆయనకి అన్నం సయించడం లేదు. “రాయడానికేముందండి, అంగీకారం అని రాసుకోండి. ఆడపిల్ల నోట్లోంచి వచ్చిన మాటేనండి,” అన్నారు.

అప్పుడు అటువైపు రెండో వరసలోంచి జయమ్మ లేచింది.

“భవానీదేవి గారు అబద్ధం చెప్పరండి,” అంది.

ఆ మాట మంచిదే. కానీ ‘భవానీదేవి గారు’ అన్న ఆ పిలుపు జయమ్మ నోట్లోంచి రావడం ఊళ్ళో ఒక్కరూ ఎప్పుడూ వినలేదు.

జయమ్మ ఇటు తిరిగింది. “కానీ మీరన్నది మీకు గుర్తుందాండి? చర్చి చర్చి అంతా నన్నడిగేరు, మీ వదిన ఎందుకు ఒప్పుకుందని. నేనేం చెప్పాలండి మీ గురించి?”

ఆ ‘మీరు’ భవానీదేవికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఎక్కడ పడితే అక్కడ ఏడ్చే మనిషి కాదు గాని, కొంగు చివర చేతికి చుట్టుకుంటూ ఉండిపోయింది. “నన్ను తిట్టు వదినా,” అంది చివరికి. “నలుగురిలో తిట్టు, పడతాను. మీరు అనకు.”

“తిట్టడానికి రాలేదండి. చెట్టు సంగతి మాట్లాడ్డానికి వచ్చేను.”

ఎస్సై గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఏదో ఆలోచన వచ్చినట్టు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

“జయమ్మా, ఈమె నీకు ఎప్పట్నుంచి తెలుసు?”

“పలకా బలపం పట్టుకున్నప్పట్నుంచండి.”

“అట్లయితే ఈమె ఏ ఆయ్ అవునో, ఏ ఆయ్ కాదో నీకు తెలుస్తుందా?”

జయమ్మ ఇరుకున పడింది. తెలియదంటే అబద్ధం. తెలుసంటే, కోపమంతా తీసి పక్కన పెట్టి సాక్ష్యం చెప్పాలి. పక్క కుర్చీలో ఉన్న చర్చిపేట వీరలక్ష్మి చెయ్యి పట్టుకుని కూర్చోమని లాగింది. కోపం వద్దంటూనే ఉంది, నోరు మాత్రం నిజమే చెప్పింది.

“తెలుస్తుందండి.”

“ఆవిడ అవతలి మనిషండి,” అన్నారు కాశీవిశ్వనాథం గారు. “ఆవిడ సాక్ష్యం ఎలా పనికొస్తుందండి?”

“మీ మనిషి గురించి మీ మనిషే చెప్తే నాకు అనుమానం సార్. అవతలి మనిషి చెప్తేనే నమ్మకం,” అని ఎస్సై గారు తన ఫోన్లో ఆడియో పెట్టారు.

మొదట కాశీవిశ్వనాథం గారి గొంతు: “ఈ ఏడాది మన చెట్టుకి ఆళ్ళ స్టారు మళ్ళీ కట్టనివ్వకూడదమ్మా.” వెంటనే భవానీదేవి: “ఆయ్.”

జయమ్మ తల ఒక పక్కకి వంచి విన్నది. “ఇది లెక్కలోకి రాదండి. పొయ్యి దగ్గరుంది. ఎనకాల పోపు చిటపటలాడతంది, వినండి. పోపు వేసేటప్పుడు ఈవిడకి లోకం వినపడదు. మా అబ్బాయి పెళ్ళికి ఎర్రచీర కొననా, పచ్చది కొననా అని నేను ఫోన్లో అడిగితే ఇదే ఆయ్ అంది. రెండూ కొనేసేనండి.”

ఈసారి నవ్వు దగ్గులా కాకుండా నవ్వులాగే వచ్చింది. నూకయ్య తలుపు పట్టుకుని మరీ నవ్వాడు.

రెండోది: “కేరల్స్ అని ఆళ్ళు మన వీధిలోకి రాకూడదు.” “ఆ...య్.”

“ఇది వద్దనండి,” అంది జయమ్మ.

“ఆయ్ అంటే వద్దనా?” ఎస్సై గారి గొంతులో అలసట తెలిసింది.

“సాగదీసింది కదండి. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పలేనప్పుడు అలా సాగదీస్తుంది. చిన్నప్పుడు మాస్టారు, రేపు ప్రార్థన నువ్వు పాడాలమ్మా అంటే అచ్చం ఇలాగే అంది. మర్నాడు ఒళ్ళు కాలిపోతున్నట్టు దుప్పటి కప్పుకుని పడుకుంది. చూడ్డానికి వెళితే దుప్పట్లో జామకాయ తింటోందండి.”

“అది ఇప్పుడెందుకు వదినా,” అని గొణిగింది భవానీదేవి. సిగ్గుపడ్డది గాని, చాలా రోజుల తరువాత ఆవిడ మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

మూడోది వచ్చింది. “ఆ జయమ్మతో రాకపోకలు కూడా కొంచెం తగ్గించుకోమ్మా.” “ఆయ్.”

పొట్టిగా, టక్కున వచ్చింది ఆ ఆయ్. హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరి కళ్ళూ జయమ్మ మీదే ఉన్నాయి. ఆవిడ ఇంటి దగ్గర అన్నిసార్లు విన్నదీ, నిద్రపట్టకుండా చేసిందీ ఇదే.

“ఇంకోసారి పెట్టండి,” అంది.

పెట్టారు. జయమ్మ కళ్ళు మూసుకుని విన్నది. విని, గాజులు పైకి తోసుకుంది.

“ఇది కోపమండి. పళ్ళు బిగించి అన్నది. ఇంతకన్నా పెద్ద కోపం ఈవిడకి రాదు. ఫోను పెట్టేశాక వంకాయ కూర గరిటెతో కుమ్మేసి ఉంటుంది, వాళ్ళాయన్ని అడగండి, ఆ రోజు కూర ముద్దగా ఉందో లేదో.” కళ్ళు తుడుచుకుంది. “నేనే పొరపాటుపడ్డానండి. ఇంటి దగ్గర విన్నన్నిసార్లూ ఆ పెద్దాయన మాటలే విన్నాను. ఈవిడ ఆయ్ వినలేదు.”

భవానీదేవి ఇక ఆగలేదు. ముందు వరసలో అందరి ఎదుటా, శిలువ గుర్తున్న కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనే అని వేరే చెప్పక్కర్లేదు.

ఎస్సై గారు కలం తీసుకున్నారు. “అయితే అయిపోయింది. స్టారు కట్టుకోవచ్చు, కేరల్స్ వెళ్ళొచ్చు. అంతేనా అమ్మా?”

“ఆయ్,” అంది భవానీదేవి కొంగులోంచి.

“ఇది అవునండి,” అంది జయమ్మ అడగకుండానే.

రెండు వైపులా కుర్చీలు కదిలాయి. టీ పట్టుకురమ్మని ఎవరో కేక వేశారు. నిజానికి కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయిగా ఉండేది, నాకు కూడా. కానీ ఎస్సై గారు బల్ల మీద పెట్టిన ఫోనుని ఆపడం మర్చిపోయారు. ఆడియోలో ఇంకా కొంచెం మిగిలి ఉంది.

“ఆయ్,” అంది ఫోను.

ఒంటరి ఆయ్. ముందు ఏ మాటా లేదు, వెనక ఏ మాటా లేదు. కత్తిరించేటప్పుడు ప్రశ్నని తీసేసి, జవాబుని తీయడం మర్చిపోయినట్టున్నారు కాశీవిశ్వనాథం గారు.

వెళ్ళిపోబోతున్న జయమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి, బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇది దేనికన్నదండి?”

“దీనికి ముందు ఏం లేదమ్మా. ఊరికే చివర్లో ఉంది.”

“ఊరికే అన్నది కాదండి ఇది. పోపు చప్పుడు లేదు. సాగదియ్యలేదు. కోపం లేదు. మెల్లిగా, ఆలోచించి అంది.” జయమ్మ మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. “ఇది నిజం ఆయ్ అండి. ఏదో ఒప్పుకుంది.”

భవానీదేవి కొంగు దించింది. ఏడుపు ఆగిపోయింది. కాశీవిశ్వనాథం గారు ఉన్నట్టుండి పెద్దగా దగ్గడం మొదలుపెట్టి, “టీ చల్లారిపోతుందండి,” అన్నారు. టీ ఇంకా రానేలేదు.

“అసలు రికార్డు మీ దగ్గర ఉంటుంది గదా సార్? ఫోను ఇట్లివ్వండి,” అన్నారు ఎస్సై గారు.

“ఆయ్,” అన్నారాయన అలవాటుకొద్దీ. అన్నాక చెయ్యి దానంతటదే ముందుకి సాగింది. ఏం చేశారో ఆయనకి అర్థమయ్యేసరికి ఫోను ఎస్సై గారి చేతిలో ఉంది.

కొంచెం వెతికి, చివరి భాగం పెట్టారు. కాశీవిశ్వనాథం గారి గొంతే, కానీ తగ్గించి, గోడకి చెవులుంటాయన్నట్టు వచ్చింది. “ఆ సాయంత్రం నువ్వు దొడ్లో ఉన్నావంటమ్మా, పేడ ఎత్తుకుంటా. స్టారు ఎలా పడిందో... చూసేవా?”

ఫోన్లో కాసేపు ఏమీ లేదు. తరువాత మెల్లిగా వచ్చింది: “ఆయ్.”

హాలు ఒక్కసారి గోలెత్తిపోయింది. కాశీవిశ్వనాథం గారు ఆ గోలలో ఫోను లాగేసుకుని జేబులో వేసుకున్నారు. జయమ్మకి ఆ గోల ఏదీ పట్టలేదు. మధ్యలో వదిలిన దారి దాటి, గుడివాళ్ళ వరసలోకి వెళ్ళి, భవానీదేవి ఎదురుగా నిలబడింది.

“చూసేవా?”

భవానీదేవి తల దించుకుంది.

“నువ్వు చూసేవా వదినా?”

నువ్వు. వదినా. ఇందాకటి నుంచి ఏ మాట కోసం కాసుకుని ఉందో ఆ మాటే వచ్చింది, కానీ ఇలా వస్తుందనుకోలేదు భవానీదేవి. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. “చూసేను,” అంది.

“చూసి ఊరుకున్నావా? ఆ స్టారు కోసం నేను అన్నం సరిగ్గా తినలేదు. గుడివైపు మగాళ్ళందర్నీ వరసపెట్టి అనుమానపడ్డాను. పాపం ఆ పూజారిగారి నడక చూసి, ఈయనే అయ్యుంటాడని మా ఆయనతో కూడా అన్నాను. నువ్వు మాత్రం అన్నీ తెలిసి ఇంట్లో కూచుని వంకాయ కుమ్ముతున్నావా? నీ జాకెట్లు ఈ జన్మలో కుట్టను. కుట్టినా చేతులు బిగబెట్టి కుడతాను.”

తిట్లు ఇంకా చాలా ఉన్నాయి. ఇక్కడ చోటు చాలదు. అన్నీ ‘నువ్వు’ అనే తిట్టింది. ఎంత తిడితే అంత భవానీదేవి మొహం తేటపడుతూ వచ్చింది.

“మాటిచ్చేను వదినా,” అంది ఆగిన సందు చూసుకుని. “నీకు తెలియకూడదని కాళ్ళావేళ్ళా పడ్డారు. సరేనన్నాను. నిజం ఆయ్ అన్నాక వెనక్కి తీసుకోను కదా నేను.”

“ఎవరికిచ్చేవు?”

భవానీదేవి నోరు విప్పలేదు. కానీ కళ్ళు మాట వినలేదు. జయమ్మ భుజం మీదుగా, చర్చివైపు ఆఖరి వరసలోకి వెళ్ళాయి. జయమ్మ వెనక్కి తిరిగి ఆ చూపు వెంట చూసింది.

ఆఖరి వరసలో ఏసుదాసు తల పైకెత్తి, తిరగని ఫ్యానుని మహా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

“ఏవండీ,” అంది జయమ్మ.

ఏసుదాసు ఫ్యాను మీంచి చూపు దించలేదు. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, “ఆయ్,” అన్నాడు.

హాలు హాలంతా జయమ్మ వైపు తిరిగింది. ఎస్సై గారు కూడా తిరిగారు. అది ఏ ఆయో చెప్పగలిగింది ఆవిడొక్కత్తే. జయమ్మ ఖాళీ కుర్చీ చూసుకుని, భవానీదేవి పక్కనే కూలబడింది.

“నిజం ఆయేనండి,” అంది.

“కావాలని కాదండి,” అన్నాడు ఏసుదాసు, ఎస్సై గారికి చెబుతున్నాడో, పెళ్ళానికి చెబుతున్నాడో తెలియకుండా. “చీకటి పడిపోయిందండి. రెండు తాళ్ళు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి విప్పబోయి ఇంకోటి విప్పేను. స్టారు తిన్నగా కాలువలోకి పోయింది. మర్నాడు చెబుదామనుకున్నానండి. తెల్లారేసరికి ఊరు రెండయిపోయి ఉంది. ఇంక నాకు నోరు రాలేదు.”

“ఆ చీకట్లో ఆ చెట్టు దగ్గర నీకేం పని?” అన్నారు ఎస్సై గారు.

“కరెంటు పనేనండి. పిలిస్తే వెళ్ళేను.”

“ఎవరు పిలిచినారు?”

ఏసుదాసు భవానీదేవి వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూసింది. “నాకూ మాటివ్వాల్సి వచ్చిందండి,” అన్నాడు. “ఆయన టార్చి పట్టుకున్నారు, నేను పని చేసేను. పేరు మాత్రం నా నోటంట రాదు. ఏమనుకోకండి.”

ఎస్సై గారు లేచి నిలబడ్డారు. ఇటు రామాలయం వీధినీ, అటు చర్చిపేటనీ తేరిపార చూశారు.

“ఆ టార్చి పట్టుకున్న మనిషి ఇప్పుడు ఈ హాల్లో ఉన్నారా?”

“ఆయ్,” అంది ఒక గొంతు.

మర్యాదగా, వినయంగా, పెద్దవాళ్ళు పలకరిస్తే బదులిచ్చినట్టు వచ్చింది. ముందు వరసలోంచి వచ్చింది. గుడివైపు నుంచి వచ్చింది. తలలన్నీ అటు తిరిగేసరికి కాశీవిశ్వనాథం గారు రెండు చేతులతోనూ నోరు మూసుకుని ఉన్నారు. కండువా జారి జంపఖానా మీద పడింది.

“ఇదేం ఆయ్ వదినా?” అంది జయమ్మ మెల్లిగా.

భవానీదేవి జవాబు చెప్పబోయింది. అంతలో బయట దీపాల వేళయింది. కాలువ గట్టు మీది చెట్టు నడుము నుంచి గుడి మైకు పాట అందుకుంది. గరగర లేదు, కీచుమనడం లేదు, కొత్త వైరు వేసినంత స్పష్టంగా పాడుతోంది. ప్రకటన మర్నాడు పాడైన ఆ మైకుని ఎవరు బాగుచేశారని సంపెంగలంకలో ఇన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు.